పట్టీ కింది ఆకుపచ్చ

ఆ షెడ్డులో క్లిప్పులక్క అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. పాత కార్లకు కిటికీ అద్దాల చుట్టూ వెండిలా మెరిసే పట్టీలు ఉంటాయి. కారుకు మళ్లీ రంగు వేయాలంటే ముందు వాటిని ఊడదీయాలి. పక్కనున్న రంగు గీసుకుపోకూడదు, పట్టీ వంగకూడదు, లోపల దాన్ని పట్టుకుని ఉండే క్లిప్పులు విరగకూడదు. ఇరవైల్లో కోడలిగా వచ్చి, ఆ పనిలో చెయ్యి తిరిగి, ఇప్పుడు తలలో తెల్లవెంట్రుకలు కనిపిస్తున్న మనిషి ఆమె. అందుకే ఆ పేరు. ఇంకో పేరు కూడా ఉంది కానీ ఆమె ఎదుట ఎవరూ అనరు. అనుమానాల పుట్ట.

ఆ పేరూ ఊరికే రాలేదు. సబ్బునీళ్లు నురగ తక్కువ ఇస్తే సబ్బు కల్తీ అంటుంది. టీ తెచ్చే మనిషి నవ్వుతూ గ్లాసు అందిస్తే ఇవాళ పాలు తగ్గించాడంటుంది. అదే షెడ్డులో రంగులు వేసే మొగుడు ఒక పూట నోరు తెరిచి చీర బాగుందన్నాడంటే, చేతిలో పని ఆపి, "ఏం కావాలి మీకు?" అని అడుగుతుంది. పాపం ఆయన ఆ తరవాత చీరల జోలికి పోవడం మానేశాడు. పాత కార్లతో కాపురం చేస్తే ఎవరికైనా ఆ గుణం వస్తుందని ఆయన సర్దుకుపోయేవాడు. అమ్మినవాడు ఒకటి చెబుతాడు, పట్టీ తీసి చూస్తే రేకు ఇంకొకటి చెబుతుంది. రోజూ అదే చూస్తుంటే మనిషి మాట మీద గురి ఎక్కడ నిలుస్తుంది?

పని నేర్పింది మావగారు. పెళ్లయిన కొత్తలో ఆయన ఒకరోజు మెరుగు పెట్టడానికి ఇంటికి తెచ్చుకున్న పట్టీని ఆమె తుడిచి ఇచ్చింది. ఆ వేళ్లు దాన్ని పట్టుకున్న తీరు చూసి మర్నాడే షెడ్డుకు రమ్మన్నాడు. అత్తగారు మాత్రం ఆ షెడ్డు గడప తొక్కేది కాదు. షెడ్డు వీధి చివర, ఇల్లు వీధి మధ్యన. అయినా క్యారేజీ ఎవరో ఒకరు తీసుకెళ్లాల్సిందే తప్ప ఆవిడ వెళ్లేది కాదు. మొగుడూ పెళ్లాలు ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోవడం కూడా కోడలు ఎప్పుడూ చూడలేదు. "మీ మావయ్యను అన్నానికి లెమ్మను" అని ఆవిడ, "మీ అత్తయ్యను ఇంకాస్త పులుసు వెయ్యమను" అని ఆయన. మధ్యలో కోడలు. ఆ పెద్దాయన పోయి కొన్నేళ్లయింది. ఎందుకు అలా ఉండేవారో కోడలు ఎంత కూపీ లాగినా అత్తగారు పెదవి విప్పలేదు.

ఒకనాడు పొద్దున మందుల షాపాయన పాత కారు ఒకటి తోలుకొచ్చాడు. మీగడ రంగు కారు, గుండ్రటి దీపాలు, నాలుగు కిటికీల చుట్టూ పట్టీలు. యాభైకి కాస్త అటూ ఇటూ ఉంటాడు మనిషి. నెమ్మదస్తుడు. అమ్మ కొన్న కారనీ, తనకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఇదే రంగనీ, మళ్లీ అదే వేయాలనీ చెప్పాడు. ఆ పట్టీలు ఇప్పుడు ఎక్కడా దొరకవని రెండుసార్లు గుర్తుచేశాడు. ఆ మాట చెప్పి వెళ్లకుండా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

పట్టీలు మార్చేస్తుందేమోనని ఆయన కాపలా. షాపు మూసుకుని మరీ కాపలా కాస్తున్నాడంటే కారులో ఏదో ఉందని ఈమె అనుమానం. ఒకరినొకరు ఓ కంట కనిపెట్టుకుంటూ పని మొదలైంది.

ఆమె ముందు కిటికీ అంచులన్నీ సబ్బునీళ్లతో కడిగి, ఆరాక, పట్టీ వెంబడే రంగు మీద కాగితపు టేపు రెండు వరసలు అతికించింది. పరికరం జారినా గీత టేపు మీద పడాలి గానీ రంగు మీద పడకూడదు. తలుపు తెరిచి, పట్టీ కొసన రబ్బరు కింద దాక్కున్న స్క్రూ వెతికి తీసింది. ఆ స్క్రూ సంగతి తెలియక లాగేవాళ్లే పట్టీలు వంచుకుంటారు. తరవాత వేడిగాలి మిషను దూరంగా పట్టి, ఎండిపోయిన రబ్బరు మెత్తబడేదాకా అటూ ఇటూ ఆడించింది. ఇనప స్క్రూడ్రైవరు ఆమె ఎప్పుడూ ముట్టదు. ఆమె చేతిలో ఉండేది నున్నగా అరగదీసిన చెక్క బద్ద. దాన్ని పట్టీ అంచు కిందికి పోనిచ్చి, మెల్లగా జరుపుతూ పోతే క్లిప్పు ఉన్నచోట తగిలి ఆగుతుంది. అక్కడ వెంట్రుకవాసి ఎత్తడం, వదిలేయడం, తరవాతి క్లిప్పు దగ్గరికి వెళ్లి మళ్లీ ఎత్తడం. ఒక కొస పట్టుకుని లాగితే పట్టీ నడుం విరుగుతుంది. ఒకసారి విరిగితే మళ్లీ ఎంత సాగదీసినా ఆ మడత వెలుతుర్లో కనిపిస్తూనే ఉంటుంది.

మొదటి పట్టీ వానపాములా జారి చేతిలోకి వచ్చింది. దాని కింద ఇన్నేళ్లూ ఎండా వానా తగలని సన్నటి రేకు బయటపడింది. దాని రంగు మీగడ కాదు. ముదురు ఆకుపచ్చ.

"మొదటినుంచీ ఇదే రంగన్నారు కదా సార్," అంది క్లిప్పులక్క.

ఆయన లేచి వంగి చూశాడు. కంపెనీలోనే అలా వచ్చిందేమో అని నీళ్లు నమిలాడు. కంపెనీవాళ్లు ఆకుపచ్చ వేసి దాని మీద మీగడ పూసి పంపరని ఆమె అంది. ఆయన మళ్లీ స్టూలు మీద కూర్చున్నాడు గానీ ఈసారి చూపు పట్టీల మీద లేదు, నేల మీద ఉంది. ఇది దొంగబండే అని ఆమె మనసులో ఖాయం చేసుకుంది. రంగు మార్చిన కార్ల కథలు ఆమెకు కొత్త కాదు.

ఆ ఊపులోనే రెండో పట్టీ తీసింది. క్లిప్పుల్లో ఒకటి వదులుగా ఉంది. దానికి నల్లదారం బిగించి చుట్టి ఉంది. దాన్ని చూడగానే ఆమె పని ఆపేసింది. వదులైన క్లిప్పు గాలికి కిటకిటలాడకుండా దారం చుట్టడం ఆమె మావగారి అలవాటు. ఆ వీధిలో ఇంకెవరూ అలా చేయరు. పైగా ఆయనది ఎడమచేతి వాటం కాబట్టి చుట్టు అందరికీ భిన్నంగా తిరిగి ఉంటుంది. ఇదీ అలాగే ఉంది.

క్లిప్పును పిడికిట్లో దాచేసి, రబ్బరు ఇంకా మెత్తబడాలని ఏదో వంక చెప్పి, మందులాయన్ని మర్నాడు రమ్మని పంపేసింది. అప్పుడు మొగుణ్ని పిలిచి పిడికిలి తెరిచింది. ఆయన చూసి తలాడించాడు.

"నాన్నదే. అయితే ఏమైంది? రంగు వేశాడు, అయిపోయింది."

"మీ నాన్న, రంగేసిన ప్రతి కారు గురించీ పదిసార్లు చెప్పుకునే మనిషి. దీని మాట ఒక్కసారైనా ఎత్తాడా?"

ఆయన డబ్బాలో రంగు కలుపుకుంటూ నిలబడ్డాడు. ఇంతకాలం ఊళ్లోవాళ్లందరినీ అనుమానించిన క్లిప్పులక్క గోడ మీద మావగారి ఫొటో వైపు చూసింది. గీత గీసినట్టు బతికాడనుకున్న మనిషి, ఆమెకు చేతిలో విద్య పెట్టిన మనిషి, దొంగబండికి రంగు మార్చాడా? ఎప్పుడూ ఆమెకు చేదు తగలని చోట ఆ రోజు చేదు తగిలింది.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి అత్తగారు కత్తిపీట ముందు కూర్చుని కూర తరుగుతోంది. కోడలు చీపురు పట్టుకుని, ఏమీ ఎరగనట్టు, మావయ్య చేతి పని ఉన్న పాత కారు ఒకటి ఇవాళ షెడ్డుకు వచ్చిందని చెవిన వేసింది. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు.

అత్తగారి చెయ్యి ఆగింది. "ఆకుపచ్చదా?"

కోడలు చీపురు పక్కన పెట్టేసింది. ఇక వదల్లేదు. చివరికి ఆవిడ తలెత్తకుండానే చెప్పింది. కొడుకు ఒళ్లో పిల్లాడిగా ఉన్న రోజులవి. ఒక మధ్యాహ్నం ఎప్పటిలాగే క్యారేజీ పట్టుకుని షెడ్డుకు వెళ్లింది. తలుపు సగం వేసి ఉంది. లోపల సగం ఆకుపచ్చ, సగం మీగడ రంగులో ఒక కారు. ఆయన కుర్చీలో చక్కటి మనిషి ఒకామె కూర్చుని ఉంది. ఆమె పిల్లాడు ఆయన భుజం మీద నిద్రపోతున్నాడు. ఆయన క్యారేజీ అందుకుని, ఇంటికి వెళ్లమన్నాడు. ఎవరని అడిగితే అడక్కన్నాడు. తరవాత రెండు మూడు రోజులు ఇంటికి భోజనానికి కూడా రాలేదు. కారు వెళ్లిపోయాక మళ్లీ అడిగింది. ఒట్టు వేశాను, చెప్పకూడదన్నాడు. ఏడాది పోయాక అడిగినా అదే మాట.

"కట్టుకున్నదానికి చెప్పనని ఒట్టేశాడంటే ఎవరికోసం వేస్తాడే అమ్మాయ్? నేనేమన్నా పిచ్చిదాన్నా?" అంది అత్తగారు. మళ్లీ కూర తరగడం మొదలుపెట్టింది.

క్లిప్పులక్కకు ఆ రాత్రి అన్నం సయించలేదు. మందులాయన మొగుడికి అన్న అవుతాడా, తమ్ముడవుతాడా అని లెక్కలు కట్టుకుంటూ పడుకుంది. మొగుడికి చెప్పలేదు. చెబితే ఆయన ఏమీ అనడు, అదే భయం.

మర్నాడు మందులాయన రాగానే కళ్లల్లో వత్తులు వేసుకుని ఆ మనిషిని చూడడం మొదలుపెట్టింది. ముక్కు మావగారిది కాదు. చెవులు కావచ్చు, కాకపోవచ్చు. నుదురు చూస్తే ఔననిపిస్తుంది, గడ్డం చూస్తే కాదనిపిస్తుంది. ఇంతలో టీ వచ్చింది. ఆయన గ్లాసు ఎడమచేత్తో అందుకున్నాడు. మావగారిదీ అదే వాటం.

మీ నాన్నగారు ఏం చేసేవారు సార్ అని మాటల్లో పెట్టి అడిగింది. తను చంటిపిల్లాడిగా ఉన్నప్పుడే పోయాడట. ఫొటో కూడా లేదట. అమ్మ ఆయన గురించి మాట్లాడదట. ఒక్కో జవాబుకూ ఆమె అనుమానం ఒక్కో మెట్టు పైకెక్కింది. మనసు అక్కడ, చెయ్యి ఇక్కడ. వెనక కిటికీ పట్టీకి ఇంకా రెండు క్లిప్పులు పట్టుకునే ఉండగా కొస పట్టుకుని ఎత్తేసింది. పట్టీ నడుం దగ్గర విల్లులా లేచింది.

"చెయ్యి తియ్యి," అన్నాడు వెనకనుంచి మొగుడు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. ఆయన వచ్చి పట్టీని కిందినుంచి అరచేత్తో ఆపాడు, ఆమె మిగిలిన క్లిప్పులు వదిలించింది. అదృష్టం, మడత పడలేదు. ఇన్నేళ్లలో ఆమె చేతిలో అలా జరగడం అదే మొదలు. ఆ పట్టీని దుప్పటి మీద మిగతావాటి పక్కన పెట్టి, కుడి ఎడమలు గుర్తులు రాసిన టేపు అంటించి, చేతులు తుడుచుకుంది. ఇక ఈ గొడవ ఇలా మోయలేననుకుంది.

"సార్, ఈ కారుకు ఏ రంగు వెయ్యాలో మీ అమ్మగారు వచ్చి చెప్పాలి," అంది.

ఈసారి అనుమానం ఆయన వంతు. అమ్మెందుకని అడిగాడు. ఈ రంగు మార్చింది మా మావయ్యే, ఎందుకు మార్చాడో మీ అమ్మగారికే తెలుసని చెప్పింది. ఆయన ఆమె ముఖంలోకి, గోడ మీది ఫొటోలోకి మార్చి మార్చి చూసి, ఫోన్ తీసి పక్కకు వెళ్లాడు. తిరిగొచ్చి, అమ్మ వస్తున్నానని ఒక్కమాట అని పెట్టేసిందని చెప్పాడు.

ఆ పెద్దావిడ వచ్చేలోపు క్లిప్పులక్క ఇంటికి పరుగెత్తింది. ఆవిడ వస్తోందని, అడగాల్సిందేదో మీరే అడగండని అత్తగారికి చెప్పింది. అత్తగారు రాననలేదు. లోపలికెళ్లి మంచి చీర కట్టుకుని, తల దువ్వుకుని వచ్చింది. అన్నేళ్ల తరవాత కోడలి చెయ్యి పట్టుకుని షెడ్డు గడప దాటింది.

పెద్దావిడ అప్పటికే కారు పక్కన నిలబడి ఉంది. సన్నటి మనిషి, కర్ర లేకుండానే నిటారుగా ఉంది. ఆకుపచ్చ గీతను వేలితో తాకలేదు, ఊరికే చూస్తోంది. ఫొటోకు దండ చూసి, పోయారా అని మెల్లగా అడిగింది. పోయారని క్లిప్పులక్క మొగుడు చెప్పాడు.

కూర్చోమని వేసిన స్టూలు మీద అత్తగారు కూర్చోలేదు. నేరుగా ఆవిడ ఎదుటికెళ్లి నిలబడింది.

"ఈ అబ్బాయి ఎవరి కొడుకు?"

క్లిప్పులక్క మొగుడి చేతిలో బ్రష్షు ఆగిపోయింది. పెద్దావిడకు ఆ ప్రశ్న ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆవిడే స్టూలు మీద కూలబడింది.

"అయ్యో. మీరు ఇన్నాళ్లూ అలా అనుకున్నారా?"

తరవాత ఆవిడ చెప్పింది. కొడుకు వైపు చూడకుండా, అత్తగారి ముఖం చూస్తూనే చెప్పింది. మొగుడు కొట్టేవాడు. ఒకసారి చెయ్యి విరిగితే కట్టు కట్టించుకుని, నయమయ్యేదాకా ఆగి, ఒక పొద్దున పిల్లాణ్ని వెనక సీట్లో పడుకోబెట్టి కారు తోలుకుని వచ్చేసింది. మొగుడికి పలుకుబడి ఉంది. ఆకుపచ్చ కారు కోసం దారులన్నిటా మనుషుల్ని పెట్టాడు. భయంతో సందుల్లో తిరుగుతూ ఈ షెడ్డు ముందు రంగు డబ్బాలు చూసింది. లోపలికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన ఇంకేమీ అడక్కుండా తలుపు సగం వేసి, పట్టీలు ఊడదీయడం మొదలుపెట్టాడు. వ్యవధి లేక పట్టీల కింది సన్నటి చోటు మాత్రం ఆకుపచ్చగానే వదిలేశాడు. ఏ రంగు కావాలంటే మీగడ రంగన్నది తనే.

"ఒట్టు వేయించుకున్నది నేనే అమ్మా. మీ ఇంట్లో కూడా చెప్పొద్దన్నాను. ఆ రోజుల్లో నాకు ఆడవాళ్ల మీద కూడా నమ్మకం లేదు. అంతకుముందు ఒకసారి పారిపోబోతే మా అత్తగారింట్లో నన్ను పట్టించింది ఆడవాళ్లే."

అత్తగారు ఫొటో వైపు చూసింది. అప్పుడు ఎవరో అడిగినట్టుగా, తనకు తానే ఒక మాట చెప్పింది. కారు వెళ్లిన మర్నాడు ఇద్దరు మనుషులు వీధిలో ఇల్లిల్లూ తిరిగారు. పిల్లాడితో ఉన్న ఆడమనిషి, ఆకుపచ్చ కారు, ఎవరైనా చూశారా అని ఆరా తీశారు. అత్తగారి గుమ్మంలోకీ వచ్చారు.

పెద్దావిడ లేచి నిలబడింది. "మీరేం చెప్పారు?"

"చూళ్లేదన్నాను. నా మొగుడి బాగోతం బయటివాళ్ల నోట్లో పడితే మా పరువేం కావాలి?" అంది అత్తగారు. "మిమ్మల్ని కాపాడదామని కాదు."

పెద్దావిడ ఆమె చేతులు పట్టుకుంది. అత్తగారు విడిపించుకోలేదు, అలాగని తిరిగి పట్టుకోనూ లేదు.

ఈ మాటల మధ్య మందులాయన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఆయన గోడకానుకుని నిలబడి ఉన్నాడు.

"నాన్న ఎప్పుడు పోయాడు?" అని అడిగాడు.

"నీకు పెళ్లయ్యాక," అంది తల్లి. "నాకు కబురొచ్చింది. నీకు చెప్పలేదు."

ఆయన కారు తాళాలు బల్ల మీద పెట్టి నడుచుకుంటూ వెళ్లిపోయాడు. తల్లిని క్లిప్పులక్క ఇంటిదాకా దిగబెట్టింది. దారిలో ఆవిడ ఒక్కమాటే అడిగింది, వాడు మళ్లీ నాతో మాట్లాడతాడా అని. ఏ మాటకైనా పుల్ల విరిచే క్లిప్పులక్క ఆ రోజు ఆవిడ చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది.

అత్తగారు కొన్నాళ్లు ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. కళ్లనీళ్లు పెట్టుకుంటుందేమోనని కోడలు చూసింది. అదేమీ లేదు, కోపం. ఒక్క మాట నా చెవిలో వేస్తే ఆయన సొమ్మేం పోయేదని గిన్నెల మీద చూపించింది. ఒక సాయంత్రం మాత్రం బియ్యం ఏరుతూ, దానంతటదే వచ్చినట్టు, "చెబితే నేను ఆగేదాన్నా? మా అక్కకు చెప్పేదాన్ని. అది ఊరంతా చెప్పేది," అంది. అని చేట పక్కన పెట్టి చాలాసేపు వీధిలోకి చూస్తూ కూర్చుంది. అత్తగారి పక్కన కూర్చుని బియ్యం ఏరుతూ, అడగని ప్రశ్న ఇంట్లో ఎంతకాలం కాపురం చేయగలదో క్లిప్పులక్కకు మొదటిసారి తెలిసొచ్చింది. అలాగని ఆమె గుణం మారిందంటే ఎవరూ నమ్మరు. ఇప్పుడు మాత్రం అనుమానం వస్తే మనసులో నానబెట్టదు, ఎదుటే అడిగేస్తుంది. టీ మనిషికి ఇదింకా కష్టంగా ఉంది.

వారం గడిచాక మందులాయన ఫోన్ చేశాడు. అసలు రంగు అదే కాబట్టి ఆకుపచ్చే వేయించమన్నాడు. పాత కార్లు తెలిసినవాళ్లు కూడా అదే మెచ్చుకుంటారన్నాడు. గంట తిరక్కముందే తల్లి దగ్గరనుంచి ఇంకో ఫోన్. "ఆకుపచ్చ వాడి నాన్న ఎంచుకున్నది. నా కారు మీగడ రంగే," అంది. ఆ మాట కొడుకుతో మీరే చెప్పుకోండమ్మా అంది క్లిప్పులక్క. వాళ్లేం మాట్లాడుకున్నారో ఆమెకు తెలియదు. సాయంత్రానికి కొడుకు మళ్లీ ఫోన్ చేసి, మీగడ రంగే అన్నాడు.

రంగు ఆరాక క్లిప్పులు ఒక్కొక్కటీ తుడిచి, పాత రబ్బరుకు బదులు కొత్తది పెట్టి, పట్టీలు వాటి వాటి చోట బిగించింది. ముందు మూలలు, తరవాత నడుములు, చివర్న స్క్రూ. అరచేత్తో నొక్కుతూ వెళ్తే ఒక్కో క్లిప్పు టక్కుమని పట్టుకుంది. ఎక్కడా గీత లేదు.

కారు తీసుకెళ్లడానికి తల్లీ కొడుకులిద్దరూ వచ్చారు. ఆటోలో ఒకే సీటు మీద వచ్చినా, మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చున్నారు. అత్తగారు పిలవకుండానే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. పెద్దావిడ కారు చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. బల్ల మీది తాళాలు తీసుకుంది. చాలా ఏళ్లుగా తోలడం లేదట. అయినా డ్రైవరు వైపు తలుపు తెరిచి, లోపల కూర్చుని, సీటు ముందుకు జరుపుకుంది.

కొడుకు తెరిచిన తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. వద్దంటాడేమోనని అందరూ చూశారు. ఆయన తలుపు మెల్లగా మూసి, కారు ముందునుంచి చుట్టూ తిరిగి వెళ్లి, తల్లి పక్క సీట్లో కూర్చున్నాడు.